కోయల ఋతు పండుగలు: పినపాక అడవి అంచు నుంచి

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గోదావరి కుడిగట్టున పినపాక ఉంది. ఒకవైపు మణుగూరు బొగ్గు గనులు, ఇంకోవైపు ఏటూరునాగారం, తాడ్వాయి దాకా సాగే అడవి, ఏరు దాటితే చర్ల, వెంకటాపురం. ఈ నేల 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లాలో ఉండేది. ఖమ్మం జిల్లా ఏర్పడిన 1953కు ముందు వరంగల్ జిల్లాలో భాగం. పినపాక, కరకగూడెం, గుండాల, ఆళ్లపల్లి, మణుగూరు, అశ్వాపురం మండలాల కోయ గూడేల్లో విత్తు నాటే ముందు నుంచి ఇప్పపువ్వు రాలే దాకా వరుసగా సాగే పండుగలను ఈ వ్యాసంలో ఋతు పండుగలు అంటున్నాం. కోయ భాష గోండికి దగ్గరి చుట్టం, ద్రావిడ కుటుంబానిదే. అందులో పండుగను పండుం అంటారు. విత్తనాల పండుగ విజ్జ పండుం, మామిడి పండుగ మర్కా పండుం. తెలుగు కలిసిన గూడేల్లో భూమి పండుగ, కొత్తల పండుగ, చిక్కుడు కొత్త, మామిడి కొత్త అనే పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి.

ఈ పండుగలన్నిటికీ ఆధారం ఒక్క కట్టుబాటే. చేను ఇచ్చినదైనా, చెట్టు ఇచ్చినదైనా వేల్పుకూ చనిపోయిన పెద్దలకూ పెట్టకుండా ఎవరూ నోట పెట్టరాదు. కళ్లెదుట మామిడి కాయ కాసి ఉన్నా, పెరట్లో చిక్కుడు పాదు విరగకాసినా ఊరు కొత్త పెట్టుకొనే దాకా ఆగాలి. ఎవరైనా తొందరపడితే ఆ కీడు తిన్నవాడితో పోదని, ఊరంతటికీ తగులుతుందని పెద్దలు హెచ్చరిస్తారు. అందుకే ఏ ఇంటివాళ్లు ఆ ఇంటిలో జరుపుకొనే పండుగలు ఇక్కడ తక్కువ. పటేలు, పూజారి, ఇంటిపెద్దలు కూర్చొని రోజు ఖాయం చేసుకుంటారు. పంచాంగంలో తిథి వెతికే పని లేదు. కాయ ముదిరిందా, వెన్ను తిరిగిందా, చినుకు దగ్గర పడిందా అన్నదే చూస్తారు. ఒకే పండుగ పక్కపక్క ఊళ్లలో వారం, పది రోజుల తేడాతో జరగడానికి కారణం ఇదే. చుట్టాలు ఈ ఊరి పండుగకూ ఆ ఊరి పండుగకూ కూడా వెళ్లి రాగలగడం దీనివల్ల కలిగిన లాభం.

కొత్త పంటను ముందు దేవుడికి చూపడం దేశంలో చాలాచోట్ల ఉన్నదే. కేరళలో మలయాళీలు కొత్త వరి కంకులు ఇంటికి తెచ్చుకొనే ఇల్లంనిర, కొత్త బియ్యం వండుకొనే పుత్తరి చేసుకుంటారు. వాళ్ల పెద్ద పండుగ ఓణం చింగ మాసంలో తిరువోణం నక్షత్రం నాడు వస్తుంది. మేడ మాసం మొదట్లో, అంటే ఏప్రిల్ నడుమ, కొన్నపూలతో కణి తీర్చే విషు వస్తుంది. ఇక్కడ ఇప్పపువ్వు రాలేదీ దాదాపు ఆ వారాల్లోనే. పశ్చిమ ఒడిశాలో నువాఖాయి భాద్రపద శుద్ధ పంచమి నాడు జరుగుతుంది. మనకు పొరుగునే ఉన్న బస్తర్‌లో నవాఖాని ఉంది. ఓణానికి నక్షత్రం, నువాఖాయికి తిథి కట్టుబడ్డాయి. కోయ కొత్తలు మాత్రం ఇప్పటికీ చెట్టునూ చేనునూ చూసే నడుస్తున్నాయి. పంటతో పండుగకు ఇంత దగ్గరి లంకె నిలిచిన చోట్లు తెలుగు నేల మీద అట్టే లేవు. ఈ వరుసను శ్రద్ధగా నమోదు చేయవలసిన అవసరం అందుకే ఉంది.

విత్తనాల పండుగ

కోయ ఏడాది మొదలయ్యేది భూమి పండుగతో, అంటే విజ్జ పండుంతో. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో, ఎండ ముదిరి తొలకరికి ఇంకా కొద్ది రోజులున్నప్పుడు దీన్ని చేస్తారు. ఈ పండుగ కాకుండా ఎవరూ విత్తు వేయరు. ప్రతి ఇంటి నుంచీ విత్తనాలు తెస్తారు. జొన్న, సామ, కొర్ర, కంది, పెసర, మొక్కజొన్న, వడ్లు, ఎవరింట్లో ఏది దాచుకుంటే అది దోసెడు. అన్నిటినీ ఒకచోట పోసి పూజారి భూదేవికి, ఊరి దేవతకు చూపుతాడు. కోడిని కోసి ఆ రక్తం విత్తనాలకు కలుపుతారు. తర్వాత ఆ కలిసిన విత్తనాలనే అందరికీ పంచుతారు. ఇంటికి తెచ్చుకున్న ఆ పిడికెడును మిగతా విత్తనాల్లో కలిపి ముందుగా చేలో చల్లుతారు.

ఈ పంపకం గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. తెచ్చినప్పుడు ఎవరి విత్తనం వాళ్లది. తిరిగి తీసుకెళ్లేటప్పుడు అందులో ఊరందరి విత్తనమూ ఉంటుంది. గింజ పుచ్చిపోయిన ఇంటికి, కిందటేడు పంట పోయిన ఇంటికి కూడా చేలో వేసుకోవడానికి ఏదో ఒకటి దక్కుతుంది. ఒక ఇంట్లో నిలిచిన మంచి రకం నాలుగిళ్లకు పాకుతుంది. వ్యవసాయ శాస్త్రం విత్తన వైవిధ్యం అని చెప్పేదానికి ఇక్కడ పూజారి చేతి మీదుగా ఏటా ఒక ఏర్పాటు జరుగుతోంది. పండుగను మొక్కుగా మాత్రమే చూసినవాళ్లకు ఈ సంగతి కనబడదు.

విత్తనాల పూజ అయ్యాక మగవాళ్లు విల్లంబులకు మొక్కి అడవికి వేటకు పోతారు. రెండు మూడు రోజులు, కొన్ని ఊళ్లలో అంతకంటే ఎక్కువే. ఆ రోజుల్లో ఊరు ఆడవాళ్లది. వాళ్లు రోడ్డు మీదికి వచ్చి తాడో వెదురుబొంగో అడ్డం పట్టి, చేతులు కలుపుకొని రేల పాట పాడుతూ వచ్చే పోయే బళ్లను ఆపుతారు. పండుగ డబ్బులిస్తే దారి వదులుతారు. ఈ ఋతువులో ఏజెన్సీ రోడ్ల మీద ప్రయాణించేవాళ్లకు ఇది ఎరుకే. వచ్చిన డబ్బు ఊరుమ్మడి విందుకు పోతుంది. వేట నుంచి వట్టి చేతులతో తిరిగివచ్చిన మగవాళ్లకు మాటల వాతలు తప్పవు. పేడనీళ్లు చల్లి ఎగతాళి చేయడం కూడా ఉంది. వరుసైన బావలకైతే ఇంకాస్త గట్టిగానే పడుతుంది.

వేట ఇప్పుడు పేరుకే మిగిలింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. పినపాకకు ఒక పక్క ఏటూరునాగారం అభయారణ్యం, ఇంకో పక్క 1977లో ప్రకటించిన కిన్నెరసాని అభయారణ్యం ఉన్నాయి. అడవి జంతువును కొడితే కేసు. చాలా గూడేల్లో అడవిలోకి లాంఛనంగా వెళ్లివచ్చి, ఊళ్లో కోడినో మేకనో కోసుకుంటున్నారు. జంతువులను కాపాడవలసిందే, అందులో రెండో మాట లేదు. అయితే అడవి తరిగిపోయింది కోయల బాణాల వల్ల కాదన్నది కూడా అంతే గట్టిగా చెప్పుకోవలసిన మాట.

వానకాలం, పంట కొత్తలు

నాట్లు, కలుపుల కాలంలో పండుగలు తక్కువ, పని ఎక్కువ. ఆషాఢ శ్రావణాల్లో ముత్యాలమ్మ కొలుపు జరుగుతుంది. ఊరి పొలిమేరలో, చెట్టు కింద ఉండే రాయే ముత్యాలమ్మ. పిల్లలకు అమ్మవారు పోయకుండా, పశువులకు రోగం రాకుండా కోళ్లు, మేకలు ఇచ్చి మొక్కుతారు. ఈ కొలుపులో కోయలతోపాటు ఊళ్లో ఉన్న ఇతర కులాలవాళ్లూ కలుస్తారు. చేను పచ్చబడ్డాక వచ్చేది పచ్చ పండుగ. లేత ఆకుకూరల వంటి పచ్చి సరుకును తినడానికి అనుమతి ఆ రోజుతో వస్తుంది.

భాద్రపదం నుంచి మార్గశిరం దాకా ఏ పంట చేతికొస్తే దానికి కొత్త పెడతారు. పోడులో సామ ముందు వస్తుంది, వరి తర్వాత, జొన్న ఇంకా ఆలస్యం. కొత్త గింజ దంచి, వండి, మొదటి ముద్ద ఆకులో ఇలవేల్పుకు, పెద్దలకు పెట్టి, కాస్త కల్లో సారానో నేల మీద ధారగా వదిలి, ఆ తర్వాతే ఇంటిల్లిపాదీ తింటారు. పుష్యంలో చిక్కుడు కొత్త వస్తుంది. ధాన్యానికి పండుగ ఉండటం ఎవరికీ వింతగా తోచదు. పందిరి మీది చిక్కుడుకాయకు ఒక ఊరంతా ఆగడం బయటివాళ్లకు ఆశ్చర్యం. చలికాలంలో గూడెంలో ప్రతి గుడిసె మీదా చిక్కుడు అల్లుకొని ఉంటుంది. కూర దొరకని రోజుల్లో ఇల్లు గడిపేది ఆ పాదే. అన్నం పెట్టే ప్రతిదానికీ ఒక రోజు కేటాయించడం ఈ వరుస తీరు.

దసరా, దీపావళి, సంక్రాంతి కూడా గూడేల్లో ఇప్పుడు జరుగుతున్నాయి. బడి సెలవులు, సింగరేణి కొలువులు, టీవీ అన్నీ కలిసి వాటిని తెచ్చిపెట్టాయి.

వేల్పుల నెలలు

పంట ఇల్లు చేరాక మాఘ, ఫాల్గుణాల్లో వేల్పుల కొలుపులు మొదలవుతాయి. కోయ సమాజం గట్లుగా విడిపోయి ఉంటుంది: మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ముల వరుస, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ప్రతి గట్టుకూ, అందులోని ఇంటిపేర్లకూ వేల్పులున్నాయి. కొలుపు రోజుల్లో వేల్పును బయటికి తీసి వాగుకో గోదావరికో తీసుకెళ్లి స్నానం చేయిస్తారు. పడిగె విప్పుతారు. పడిగె అంటే ఆ వంశం పుట్టుక, వలసలు, యుద్ధాలు బొమ్మలుగా ఉన్న త్రికోణపు బట్ట. దాని ముందు నిలబడి డోలు, తాళాల మీద వంశకథ చెప్పేవాళ్లు డోలీ కోయలు. వీళ్లు కోయలకు ఆశ్రిత కళాకారులు. ఏ గట్టు కథ ఆ గట్టు కొలుపులోనే చెప్పాలి.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ విద్యలో పేరుపొందిన డోలీ. సమ్మక్క సారలమ్మల కథను, ఇతర కోయ వీరుల కథలను కోయలోనూ తెలుగులోనూ చెప్పగలిగేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. పుస్తకంలోకి ఎక్కని ఎన్నో వంశకథలు అలాంటివాళ్ల గొంతులోనే ఉన్నాయి. డోలీల కథల సేకరణకు జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు చేసిన కృషి విలువైనది. ఆ పని ఇంకా చాలా మిగిలి ఉంది.

వేల్పుల కొలుపుల్లో లోకమెరిగినది మేడారం జాతర. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమి వేళకు నాలుగు రోజులు జరుగుతుంది. కరువు కాలంలో కప్పం కట్టలేమన్న కోయలపై కాకతీయ ప్రతాపరుద్రుడు సేనను పంపాడనీ, ఆ పోరులో సమ్మక్క, ఆమె కూతురు సారలమ్మ, భర్త పగిడిద్దరాజు, కొడుకు జంపన్న, అల్లుడు గోవిందరాజు పోరాడారనీ కథ. జంపన్న పేరే అక్కడి వాగుకు నిలిచింది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు వస్తారు. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క దిగుతుంది. శనివారం వనప్రవేశం. భక్తులు ఎత్తు బెల్లం తూచి ఇస్తారు, దాన్ని బంగారం అంటారు. 1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జాతర జరిగింది. జనం కోటి దాటుతారని అధికారుల లెక్క.

ఇంత జనసందోహం మధ్య కూడా మేడారం ఒక ఊరి పండుగగా ఎలా మొదలైందో తెలియాలంటే జాతరకు ముందు వారాలు చూడాలి. రెండు వారాల ముందు బుధవారం గుడిమెలిగె. పూర్వం గడ్డితో గుడి కప్పి, ఎర్రమట్టితో అలికేవారు. ఇప్పుడు కట్టడాలు మారినా కడగడం, అలకడం, ముగ్గు పెట్టడం తప్పవు. వారం ముందు బుధవారం మండమెలిగె. మండలు తెచ్చి ఊరి దారులకు తోరణాలు కడతారు, కీడు లోపలికి రాకుండా. జాతర అయిన మరుసటి బుధవారం తిరుగువారం పండుగతో వడ్డెలు (పూజారులు) అన్నీ ముగిస్తారు. ఈ మూడు బుధవారాలూ చేసే పనులు ఏ కోయ గూడెంలోనైనా చిన్న కొలుపుకు చేసేవే. పినపాక, గుండాల మండలాల ఊళ్లలోనూ సమ్మక్క సారలమ్మల గద్దెలున్నాయి; మేడారం పోలేనివాళ్లు అక్కడే మొక్కు చెల్లించుకుంటారు.

ఇప్ప, మామిడి

ఫాల్గుణం చివర మొదలై చైత్రమంతా ఇప్పచెట్లు పూస్తాయి. పువ్వు రాత్రిపూట విచ్చి తెల్లవారుజామున రాలుతుంది. కోసేది కాదు, ఏరుకొనేది. కాబట్టి చెట్టు కింద ఎండుటాకు ఊడ్చి, లేదా చిన్న మంట పెట్టి, నేల చదునుగా ఉంచుతారు. కోడి కూయకముందే ఆడవాళ్లు, పిల్లలు తట్టలతో చేరతారు. పొద్దెక్కితే పశువులు, జింకలు తినేస్తాయి, పువ్వు వాడి అంటుకుంటుంది. పచ్చి పువ్వు లేత పసుపు రంగులో, గుండ్రంగా, చిక్కటి తీపితో ఉంటుంది. ఇంటి ముందు ఎండబోస్తే నాలుగైదు రోజుల్లో ఎర్రబడి ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది. వానకాలం కరువు రోజులకు అదే దాచుకున్న తిండి, ఉడకబెట్టి తింటారు, సారా కాస్తారు, మిగిలింది గిరిజన సహకార సంస్థకో సంతలోనో అమ్ముతారు. తర్వాత కాయ కాసి, పలుకుల నుంచి నూనె వస్తుంది. ఏ చెట్టు ఏ ఇంటిదో ఊళ్లో అందరికీ తెలుసు. ఇంత ఇచ్చే చెట్టుకు పండుగ లేకుండా ఎలా? తొలి పువ్వును వేల్పుకు పెట్టి, ఆ తర్వాతే సారా కాచడం, తినడం మొదలుపెడతారు. ఇప్పచెట్టును నరకకూడదన్న నియమం కూడా ఇక్కడి నుంచే వచ్చింది. పోడు కొట్టినచోట కూడా ఇప్పచెట్లు నిలబడి కనబడతాయి.

మామిడి కొత్త ఈ వేసవిదే. టెంక పట్టని పిందెలను దులిపేసుకోకుండా ఊరంతా ఆగడం వల్ల కాయ ముదురుతుంది, అడవిలో మామిడి మొలక బతుకుతుంది. నియమం పెట్టినవాళ్లు ఇదంతా ఆలోచించే పెట్టారని రుజువు చేయలేం గానీ దాని ఫలితం చెట్టు మీదే కనబడుతుంది. ఏరు ఆవల కొండరెడ్లలోనూ ఇదే కట్టుబాటు ఉంది. మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో ప్రచురించిన గ్రంథంలో వాళ్ల జీవితాన్ని వివరంగా రాశాడు. ఇదే చైత్రంలో భద్రాచలంలో సీతారాముల కల్యాణం జరుగుతుంది. ఆ క్షేత్రకథలో విగ్రహాలను మొదట కనుగొని తాటిపండ్లు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ. అడవిలో దొరికిన పండును ముందు దేవుడికి పెట్టడం అన్న ఆ ఘట్టం కోయ కొత్తలకు ఎంత దగ్గరగా ఉందో వేరే చెప్పక్కర్లేదు.

ఆట, పాట

ఏ పండుగైనా రాత్రి రేలతోనే పూర్తవుతుంది. ఆడవాళ్లు నడుముల వెనుక చేతులు కలిపి వలయంగా తిరుగుతూ ఒకరు అందిస్తే మిగతావాళ్లు అందుకుంటారు. వాద్యం లేకపోయినా నడుస్తుంది. మగవాళ్లది కొమ్ము ఆట. పెర్మకోక్ అనే ఈ ఆటలో అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు తలకు కట్టుకొని, పెద్ద డోలు మెడలో వేసుకొని దున్నలు పోట్లాడినట్టు తలలు ఢీకొంటారు. ప్రభుత్వ సభల్లో, శకటాల మీద ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఈ ఆటే. దాంతో కొత్త తరానికి ఇది వేదిక మీది అంశంగా పరిచయమవుతోంది. పండుగ లేని రోజున, మంత్రికి స్వాగతం చెప్పడానికి ఆడే రేలకూ, విజ్జ పండుం నాటి రేలకూ అడుగులు ఒకటే గానీ పాటలు ఒకటి కావు.

రాతలో ఎక్కినది

ఈ పండుగల గురించి పాత రాతలు ఎక్కువగా ఏటి ఆవలి గట్టువి. భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు 1860లో నిజాం చేతి నుంచి బ్రిటిష్ వారికి పోయాయి. దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ 1876 నుంచి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో కోయల గురించి రాశాడు. పులుల మీద అధికారం గల కొర్రరాజు గురించి, ఏడాది మొదట్లో మొక్కకపోతే పంట పోతుందని నమ్మే మామిలి దేవత గురించి అతని రాతల్లో ఉంది. థర్‌స్టన్ 1909లో వాటినే తన కులాలు, తెగల సంపుటాల్లోకి తీసుకున్నాడు. కెయిన్ మత ప్రచారకుడు కావడంతో ఈ ఆచారాలను మూఢత్వంగానే చూశాడు. ఆ చూపును పక్కన పెట్టి వివరాలను మాత్రం తీసుకోవాలి. నిజాం ఏలుబడిలో ఉన్న పినపాక వైపు 1940ల దాకా అలాంటి పరిశీలన పెద్దగా జరగలేదు. ఏటికి ఈ వైపు పండుగలకు ఇప్పటికీ మంచి ఆధారం గూడెం పెద్దల నోటి మాటే.

మారుతున్న వరుస

చేను మారితే పండుగ మారక తప్పదు. పోడు తగ్గి పత్తి, మిర్చి వచ్చాయి. హైబ్రిడ్ విత్తనం ఏటా ప్యాకెట్‌లో కొనవలసిందే, ఇంట్లో దాచి మళ్లీ నాటడానికి పనికిరాదు. అందువల్ల విజ్జ పండుంలో దోసెడు గింజ తెచ్చి కలిపే పనికి అసలు ప్రయోజనం పలచబడుతోంది. సామ, కొర్ర వేసే ఇళ్లు తగ్గిన ఊళ్లలో వాటి కొత్తలు వరి కొత్తలో కలిసిపోతున్నాయి. గనులు, విద్యుత్ కేంద్రం వచ్చినచోట ఇప్పచెట్లూ పోయాయి, వేల్పులుండే చోట్లూ మారాయి. 2014లో పోలవరం ముంపు కోసం ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు ఒకే గట్టువాళ్లు రెండు రాష్ట్రాలవాళ్లయ్యారు. ముంపు ఊళ్లకు పరిహారం లెక్కలో ఇల్లు, పొలం, చెట్టు ఉన్నాయి. ముత్యాలమ్మ రాయిని కొత్త కాలనీకి మోసుకుపోవచ్చు. ఇప్పచెట్టును, వేల్పు స్నానమాడే వాగు రేవును మోసుకుపోలేరు.

ఇంకోవైపు కొత్తగా వచ్చి చేరినవాళ్లున్నారు. 2005 తర్వాత సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపుర్, సుక్మా, దంతెవాడ ప్రాంతాల నుంచి తరలివచ్చిన గుత్తికోయలు పినపాక, కరకగూడెం అడవుల్లో గుంపులుగా గుడిసెలు వేసుకున్నారు. వాళ్ల విత్తనాల పండుం, మామిడి పండుం ఇక్కడి కోయల పండుగలకు సొంత బంధువులే. భాషలో, మొక్కులో కొద్దిపాటి తేడాలు. స్థానికులు మానేసిన కొన్ని చిరుధాన్యాలు వాళ్ల చేలల్లో ఇంకా పండుతున్నాయి, కాబట్టి వాటి కొత్తలూ అక్కడ నిలిచి ఉన్నాయి. నేల మీద హక్కు కాగితాలు లేని ఈ గుంపుల్లో ఏటా పండుగ ఎక్కడ జరుగుతుందన్నది ఆ ఏడు వాళ్లను అడవిలో ఉండనిచ్చారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటోంది.